పాప్లార్‌లో సగటు తేమ చెప్పే అబద్ధం

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్లైవుడ్ దుకాణానికి వెళ్లి, మధ్యరకం ధర పలికే షీట్‌ను అంచు వైపు నుంచి చూడండి. ఎర్రటి పొర, తెల్లటి పొర ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఎర్రది చాలావరకు యూకలిప్టస్, అంటే మన జామాయిల్. తెల్లది పాప్లార్. ఇలా మార్చి మార్చి పేర్చినదాన్నే వ్యాపారులు ఆల్టర్నేట్ అంటారు. జామాయిల్ మనకు తెలిసిన చెట్టే. పాప్లార్‌ను మాత్రం మన రైతులు చూసి ఉండరు, ఎందుకంటే దానికి చలి కావాలి. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ తరాయి ప్రాంతాల్లో పొలం గట్ల మీద, పొలాల్లో వరసలుగా పెంచుతారు. చలికాలంలో ఆకు మొత్తం రాల్చేస్తుంది కాబట్టి దాని కిందే గోధుమ పండుతుంది. ఐదారేళ్లకు, మహా అయితే ఎనిమిదేళ్లకు కొట్టి హర్యానాలోని యమునానగర్ మండీకి తోలతారు. అక్కడి ప్లైవుడ్ మిల్లుల నుంచి షీట్లు లారీల్లో మన ఊళ్లకు వస్తాయి.

ఈ కర్ర గురించి ఫిర్యాదులు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. తలుపు వంగింది, లామినేట్ కింద బుడగ లేచింది, బద్దల ఆనవాళ్లు పైకి తేలాయి, రంగు వేస్తే నూగు లేచింది. అడిగితే "తేమ ఎక్కువుండింది సార్" అంటారు. అది సగం నిజం. మీటర్ పెట్టి పది చోట్ల చూసి సగటు తీస్తే చాలాసార్లు 10 శాతమే వస్తుంది, అంటే కాగితం మీద అంతా బాగున్నట్టే. కానీ ఆ పదింట్లో కొన్ని 5, కొన్ని 17 ఉంటాయి. పాప్లార్‌ను పాడుచేసేది ఈ తేడాయే.

ముందు తేమ లెక్క ఎలా కడతారో చూద్దాం, ఇక్కడే చాలామంది తికమక పడతారు. కర్రలో తేమ శాతాన్ని ఎండిన కర్ర బరువు మీద కడతారు, మొత్తం బరువు మీద కాదు. పచ్చి ముక్క 412 గ్రాములు తూగింది అనుకోండి. దాన్ని 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచితే 168 గ్రాములు మిగిలింది. పోయిన నీరు 244 గ్రాములు. 244ను 168తో భాగిస్తే తేమ 145 శాతం. వందకు పైన శాతమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు, కర్ర కంటే నీరే ఎక్కువ బరువుందని దాని అర్థం.

మన దేశంలో వేసే పాప్లార్ ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిన డెల్టాయిడిస్ జాతి. జి48 లాంటి క్లోన్లన్నీ దానివే. అమెరికాలో ఈ జాతికి నమోదైన పచ్చి తేమ తెల్లభాగంలో (దుంగ బయటి వైపు కర్రలో) 146 శాతం, చేవలో 162 శాతం. ఈ రెండో అంకెను గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను. ఈ కర్ర చాలా తేలిక. పచ్చి దుంగ ఘనపరిమాణంలో ఒక ఘనమీటరుకు ఎండు పదార్థం 370 కిలోలే ఉంటుంది. 150 శాతం తేమ అంటే అదే ఘనమీటరులో 555 కిలోల నీరు. లారీ మోసుకొచ్చే బరువులో ఐదింట మూడు వంతులు, అంటే సగానికి పైగా, నీళ్లే.

పాప్లార్‌ను మండీలో క్వింటాళ్ల లెక్కన కొంటారు. లావు దుంగను ఓవర్, దానికంటే సన్నదాన్ని అండర్, ఇంకా సన్నదాన్ని సోక్టా అంటారు, రేట్లు వేరు. 140 శాతం తేమతో ఉన్న ఒక క్వింటాల్‌లో ఎండు కర్ర 41.7 కిలోలు. అదే దుంగ యార్డులో ఎండి 100 శాతానికి దిగితే బరువు 83.3 కిలోలకు పడిపోతుంది. కర్ర అంతే ఉంది, 16.7 కిలోల నీరు పోయింది. అందుకే రైతు కొట్టిన రోజే అమ్మాలని చూస్తాడు, కొనేవాడు రెండు రోజులు ఆగాలని చూస్తాడు. కానీ ఆగడం మిల్లుకు కూడా మంచిది కాదు. దుంగ చివర్లు ముందు ఎండి నెర్రెలిస్తాయి, వానాకాలంలో కొద్ది రోజుల్లోనే బూజు, నీలి మచ్చ పడతాయి. ఈ కర్రకు సహజంగా పురుగునూ బూజునూ ఆపే శక్తి దాదాపు లేదు. బరువులో మిగుల్చుకున్న డబ్బు కంటే పీలింగ్‌లో, అంటే దుంగను తిప్పుతూ కత్తితో పలచటి పొరగా ఒలిచేటప్పుడు, పోగొట్టుకునేదే ఎక్కువవుతుంది. దుంగలు నిల్వ ఉంచక తప్పకపోతే నీడలో పేర్చి, నీళ్లు చిలకరిస్తూ, చివర్లకు మైనమో తారో పూయాలి.

నీరు ఎప్పుడు లెక్కలోకి వస్తుంది

కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది. కణాల బోలులో నిండి ఉన్నది ఒకటి, కణం గోడల్లోనే ఇమిడి ఉన్నది రెండోది. బోలులోని నీరు పోతే బరువు తగ్గుతుందంతే. 150 నుంచి 30 శాతానికి దిగినా కర్ర కుంచించుకుపోదు, బలమూ మారదు. దాదాపు 28 శాతం దగ్గర బోలు ఖాళీ అవుతుంది. అక్కడి నుంచి గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కుదింపు, వంకర, పగులు, బలం పెరగడం అన్నీ ఈ 28 నుంచి కిందే.

బలం ఎంత పెరుగుతుందో చూడండి. ఈ జాతి పచ్చిగా ఉన్నప్పుడు వంపులో విరిగే బలం 37 మెగాపాస్కల్. 12 శాతానికి ఎండితే 59. నార వెంట నొక్కితే పచ్చిది 15.7 దగ్గర చితుకుతుంది, ఎండినది 33.9 దాకా ఓర్చుకుంటుంది, అంటే రెట్టింపుకు పైగా. బిగువు (వంగకుండా నిలిచే గుణం) మాత్రం 7.0 నుంచి 9.4 గిగాపాస్కల్‌కే పెరుగుతుంది. ఈ అంకెలు పెద్ద చెట్ల కర్రవి. మన ఆరేళ్ల చెట్టులో ఎక్కువ భాగం లేత కర్రే కాబట్టి అసలు అంకెలు ఇంతకంటే తక్కువ ఉంటాయి. కానీ నిష్పత్తి ఇదే. తడి కర్రను ఎండినదనుకుని దాని మీద ఎత్తుగా సామాను పేరిస్తే షెల్ఫ్ కుంగడానికి కారణం కూడా ఇదే.

కుదింపు విషయానికొస్తే, పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాలకు అడ్డంగా 3.9 శాతం, వలయాల వెంట 9.2 శాతం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య తేడా రెట్టింపు కంటే ఎక్కువ. పలక గిన్నెలా వంగడానికి ఇదే మూలం. పొడవునా కుదింపు మామూలుగా లెక్కలోకి రాదు. కానీ పాప్లార్‌లో మాత్రం వస్తుంది. గాలికి వాలి పెరిగిన చెట్టులో, తొందరగా పెరిగిన చెట్టులో ఒక వైపు టెన్షన్ వుడ్ అనే రకం కర్ర ఏర్పడుతుంది. దాని నార లోపల జెల్లీ లాంటి ఒక పొర ఉంటుంది. అది పొడవునా కూడా గణనీయంగా కుంచించుకుపోతుంది. పలకలో ఒక అంచు అదై, రెండో అంచు మామూలు కర్ర అయితే ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా విల్లులా వంగుతుంది. కోసేటప్పుడు రంపం వెనక దూది లాంటి నూగు లేస్తే అదే గుర్తు. ఆ పలకను పొడవు ముక్కలకు వాడకుండా పొట్టి బద్దలకు తీసేయడం మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. అమెరికాలో ఉంటూ సొంతంగా వడ్రంగం చేసుకునే తెలుగువాళ్లు అక్కడి దుకాణాల్లో పాప్లార్ పేరుతో కొనే ఆకుపచ్చ ఛాయ పలక ఈ చెట్టుది కాదు. అది ఎల్లో పాప్లార్, తులిప్ చెట్టు. పేరు కలిసింది గానీ వంశం వేరు, మాగ్నోలియా కుటుంబం. దాని పచ్చి తేమ చేవలో 83, తెల్లభాగంలో 106 శాతమే, ఎండటంలో కూడా బుద్ధిమంతురాలు. దాని కోసం రాసిన పట్టికలు చూసి మన పాప్లార్‌ను ఎండబెడితే దెబ్బతింటారు.

తడి చేవ

ఇప్పుడు ఆ 162 దగ్గరికి. చాలా చెట్లలో తెల్లభాగం తడిగా, చేవ పొడిగా ఉంటుంది. పాప్లార్‌లో తరచూ తలకిందులు. దుంగ మధ్యలో బాక్టీరియా చేరి ఉన్న భాగాన్ని వెట్‌వుడ్ అంటారు. కొత్తగా కోసిన దుంగ చివర చూస్తే ముదురు గోధుమరంగులో తడిసిన మచ్చలా కనిపిస్తుంది, పులిసిన వాసన వస్తుంది. నాకు తెలిసినంతలో పాప్లార్ పనిలో వచ్చే నష్టాల్లో పెద్ద వాటా దీనిదే. మిల్లుల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, ఎందుకంటే ఎండాక రంగు తేడా అంతగా కనిపించదు.

దీనితో మూడు ఇబ్బందులు. మొదటిది, ఇందులోంచి నీరు బయటికి రావడానికి దారులు మూసుకుపోయి ఉంటాయి. పక్కనున్న తెల్లభాగం 6 శాతానికి ఎండిపోయినా ఇది 20 దగ్గరే ఉంటుంది. రెండోది, దీనిలో ఖనిజ లవణాలు ఎక్కువ, స్వభావం క్షారం వైపు మొగ్గి ఉంటుంది. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు గట్టిపడాలంటే ఆమ్లం కావాలి, అందుకే దానిలో అమ్మోనియం క్లోరైడ్ కలుపుతాం. క్షారపు చెక్క మీద అది మందకొడిగా గట్టిపడుతుంది. వేడి ప్రెస్‌లో అదిమి ఉంచే సమయం మిగతా షీట్‌కు సరిపోయినా ఆ మచ్చ దగ్గర సరిపోదు. మూడోది, లవణాల వల్ల కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి ముళ్ల తేమ మీటర్ అక్కడ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీటర్ ఎక్కువ చూపింది కదా అని ఇంకా ఎండబెడితే పక్క భాగం మాడిపోతుంది. అనుమానమొస్తే ఆ చోట నుంచి చిన్న ముక్క కోసి ఓవెన్‌లో తూచడం ఒక్కటే దారి. ఎలాగూ ముళ్ల మీటర్లు 28 శాతం పైన చూపే అంకెకు విలువ లేదు, అది తడి అని మాత్రమే తెలుస్తుంది.

పీలింగ్ నుంచి ప్రెస్ దాకా

పీలింగ్‌కు పాప్లార్ దుంగను ఉడికించనక్కర్లేదు. మెత్తటి కర్ర కాబట్టి చల్లగా, తాజాగా ఒలిస్తేనే ఉపరితలం శుభ్రంగా వస్తుంది. వేడి చేస్తే నార ఇంకా మెత్తబడి నూగు పెరుగుతుంది. కావలసింది తేమ. దుంగ పై భాగం ఎండి 30 శాతం దగ్గరికి వస్తే వినీర్ (ఒలిచిన పలచటి పొర) పెళుసుగా, లోతైన పగుళ్లతో వస్తుంది. 60 శాతానికి తగ్గకుండా ఉంటే పని సాఫీగా సాగుతుంది. కత్తికీ, దుంగను అదిమే ప్రెషర్ బార్‌కూ మధ్య సందును వినీర్ మందంలో 80-85 శాతానికి పెడతారు. దుంగ మరీ నీళ్లతో నిండి ఉంటే ఆ ఒత్తిడికి నీరు పోవడానికి చోటుండదు, కత్తి ముందు నీళ్లు చిమ్ముతూ ఉపరితలం చీలికలుగా లేస్తుంది. అప్పుడు బార్‌ను కొంచెం వదులు చేయాలి. కత్తి మొద్దుబారితే టెన్షన్ వుడ్ దగ్గర వెంటనే తెలిసిపోతుంది, తెగకుండా పీకినట్టు వస్తుంది.

కత్తిరింపులో కుదింపు ముందే వదలాలి. 8 శాతానికి ఎండితే వలయాల వెంట కుదింపు దాదాపు 6.6 శాతం. ఎండాక 1220 మిల్లీమీటర్లు మిగలాలంటే పచ్చిగా 1306 కోయాలి, అంచు తీతకు ఇంకొంత. మందం కూడా 2.0 నుంచి 1.94కు దిగుతుంది. ఇది తెలియని చోట అంతా 1220కే కోసి, ఎండాక చాలక కోర్ (లోపలి పొరల) అతుకుల మధ్య ఖాళీలు వదిలేస్తారు. షీట్ కోసినప్పుడు లోపల కనిపించే కన్నాల్లో కొన్ని అలా వచ్చినవే.

ఇక్కడే నా ముఖ్యమైన సలహా. లేత్ (దుంగను ఒలిచే యంత్రం) దగ్గరే వినీర్‌ను మూడు గుట్టలుగా వేరు చేయండి: దుంగ బయటి భాగం నుంచి వచ్చిన తెల్లటి షీట్లు, మధ్యరకం, చివర్లో మధ్యభాగం నుంచి వచ్చిన ముదురు షీట్లు. మనిషి ఒకడు ఎక్కువ కావాలి, అంతే ఖర్చు. మూడింటినీ కలిపి ఒకే వేగంతో డ్రయ్యర్‌లో పంపితే తెల్లవి 3 శాతానికి మాడిపోయి, ముదురువి 18 దగ్గర బయటికి వస్తాయి. సగటు మాత్రం చక్కగా 9 చూపిస్తుంది.

ఎండబెట్టాల్సిన నీరు తక్కువేమీ కాదు. 8 అడుగులకు 4 అడుగుల, 2 మిల్లీమీటర్ల పచ్చి షీట్‌లో ఎండు కర్ర 2.2 కిలోలు. 120 శాతం నుంచి 8కి దించాలంటే ఒక్క షీట్ నుంచి దాదాపు రెండున్నర కిలోల నీటిని ఆవిరి చేయాలి. ఇంధనం ఖర్చు భరించలేక చాలా మిల్లులు ముందు ఎండలో ఆరబెట్టి, మిగతాది డ్రయ్యర్‌లో పూర్తి చేస్తాయి. యమునానగర్ చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో గోడకు ఆనించినట్టు నిలబెట్టిన షీట్లు కనిపించేది ఇందుకే. ఎండలో ఆరబెట్టడం తప్పు కాదు, కాలాన్ని బట్టి అంకె మారుతుందని గుర్తుంటే చాలు. మే నెలలో 40 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం ఉంటే కర్ర తనంతట తానే 5 శాతానికి దిగుతుంది. వానాకాలంలో గాలి తేమ 85 శాతం ఉంటే నెలరోజులు ఆరబెట్టినా 17 కిందకు రాదు. ఆగస్టులో ఎండలో ఆరిందని నేరుగా ప్రెస్‌కు పంపిన షీటే తర్వాత కొనుగోలుదారు ఇంట్లో బుడగై తేలుతుంది.

ఒకే షీట్‌లో ఒక చోట 6, మరో చోట 15 ఉంటే అది అలలు అలలుగా లేస్తుంది. లెక్క చూస్తే 6 దగ్గర కుదింపు 7.2 శాతం, 15 దగ్గర 4.3. మీటరు వెడల్పు మీద 3 సెంటీమీటర్ల తేడా. ఆ ఎక్కువైన పొడవు ఎక్కడికి పోతుంది, మడతపడుతుంది. ప్రెస్‌లో ఆ మడతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఓవర్‌ల్యాప్ అవుతాయి. దీనికి మందు డ్రయ్యర్ వేడి పెంచడం కాదు. బయటికొచ్చిన షీట్లను వేడిగా ఉండగానే ఒత్తుగా పేర్చి, పైన బరువు పెట్టి ఒక రోజు వదిలేయాలి. తడి చోటి నుంచి పొడి చోటికి తేమ సర్దుకుంటుంది. ఆ తర్వాత కూడా తడి మిగిలిన షీట్లను తీసి మళ్లీ డ్రయ్యర్‌కు పంపాలి.

మరీ ఎండబెట్టినా చిక్కే. 3-4 శాతం కిందికి వెళ్లిన పాప్లార్ జిగురులోని నీటిని చటుక్కున పీల్చేస్తుంది. జిగురు పాకకుండానే ఆరిపోయి, పొర విప్పి చూస్తే పొడి పొడిగా రాలుతుంది. డ్రయ్యర్ వేడికి ఉపరితలం మాడితే జిగురు అంటుకునే గుణమే పోతుంది. అందుకే ప్రెస్‌కు వెళ్లే షీట్ 6 నుంచి 8 మధ్య ఉండాలంటాను, ఫినాల్ జిగురైతే ఈ గీత అసలు దాటనివ్వకూడదు.

జిగురు తెచ్చే నీటిని లెక్కలో వేసుకోనివాళ్లే ఎక్కువ. 12 మిల్లీమీటర్ల, 7 పొరల బోర్డు తీసుకోండి. మధ్యలో మూడు షీట్లకు రెండువైపులా జిగురు పూస్తారు. చదరపు మీటరుకు ఒక్కో షీట్‌కు 300 గ్రాములు, అందులో సగం నీరు అనుకుంటే మొత్తం 450 గ్రాముల నీరు చేరింది. బోర్డులో ఎండు కర్ర చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు. అంటే జిగురు ఒక్కటే 9 శాతం తేమ పెంచింది. 8 శాతం షీట్లు 17 అవుతాయి, 14 శాతం షీట్లు 23 అవుతాయి. ఇప్పుడు హాట్ ప్రెస్. యూరియా జిగురుకు దాదాపు 110 డిగ్రీలు, ఫినాల్‌కు 140 వరకూ. 110 దగ్గర లోపలి ఆవిరి బయటి గాలి కంటే 0.4 బార్ ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. 140 దగ్గర ఆ తేడా 2.6 బార్. ప్రెస్ మూసి ఉన్నంతసేపూ ప్లేట్లు అదిమిపెడతాయి. తెరిచిన క్షణంలో జిగురు ఇంకా పూర్తిగా పట్టని చోట, అంటే సరిగ్గా ఆ వెట్‌వుడ్ మచ్చ దగ్గర, ఆవిరి పొరలను విడదీసి బయటపడుతుంది. టప్‌మని చప్పుడు వస్తే బ్లిస్టర్, అంటే బుడగ. చప్పుడు లేకుండా వచ్చేది ఇంకా ప్రమాదం, అది దుకాణం దాకా వెళ్తుంది. ఒత్తిడిని ఒక్కసారి వదలకుండా చివరి నిమిషంలో మెట్లు మెట్లుగా తగ్గిస్తే చాలావరకు తప్పుతుంది.

పాప్లార్‌కు ప్రెస్ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 8 నుంచి 10 కిలోలు చాలు. గట్టి కర్రకు వాడే 12-14 పెడితే, అందులోనూ తేమ ఎక్కువుంటే, వేడికీ నీటికీ మెత్తబడిన కణాలు చితికిపోతాయి. 18 మిల్లీమీటర్లు అనుకున్న బోర్డు 17 వస్తుంది. అది చాలదన్నట్టు, ఆ చితికిన కణాలు తర్వాత తేమ తగిలినప్పుడు మళ్లీ ఉబ్బుతాయి. సింక్ కింద షట్టర్ అంచు లావెక్కడం చూసే ఉంటారు. మిశ్రమ కోర్‌లో జామాయిల్‌కు సరిపడే ఒత్తిడి పెడితే పాప్లార్ చితుకుతుంది, పాప్లార్‌కు సరిపడేది పెడితే జామాయిల్ అతకదు. మధ్యలో రాజీ పడక తప్పదు, అందుకే ఈ రకం బోర్డుల్లో తేమ పట్టింపు ఇంకా ఎక్కువ ఉండాలి.

ప్రెస్ నుంచి బయటికొచ్చాక ఫినాల్ బోర్డులను వేడిమీదే పేర్చవచ్చు, మిగిలిన గట్టిపడటం గుట్టలో పూర్తవుతుంది. యూరియా బోర్డులను అలా చేయకూడదు, ఎక్కువసేపు వేడి ఉంటే జిగురే బలహీనపడుతుంది. వాటిని విడివిడిగా చల్లార్చాలి. ఏ రకమైనా ఒకటి రెండు రోజులు ఆగాకే అంచులు కోసి శాండింగ్ చేయాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 303 ప్రకారం సిద్ధమైన ప్లైవుడ్‌లో తేమ 5 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. ఈ పరిధి చాలా పెద్దది. ఒకే షీట్‌లో ఒక మూల 5, ఇంకో మూల 15 ఉన్నా ప్రమాణం దాటినట్టు కాదు, కానీ అది తలుపుకు పనికిరాదు.

తేమ అన్నిచోట్లా శత్రువేమీ కాదు. పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో ముంచాలంటే పచ్చి వినీర్ అయితేనే లోపలి నీటి ద్వారా మందు మధ్య దాకా పాకుతుంది. ఎండిన షీట్‌ను ముంచితే పైపైనే ఉంటుంది. కశ్మీర్‌లోని పుల్వామా జిల్లా ఉఖూ గ్రామం పెన్సిల్ పలకలకు పేరుపొందింది, అక్కడ వాడేది పాప్లారే. ఆ పలకలను కూడా పచ్చిగా కోసి తర్వాతే ఎండబెడతారు.

పలకలు, బద్దలు

దుంగను పలకలుగా కోస్తే ఆట వేరు. అంగుళం పలకను నేల నుంచి కనీసం ఒక అడుగు ఎత్తులో, 25 మిల్లీమీటర్ల ఎండు పుల్లలను 40-45 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పెట్టి పేర్చాలి. పుల్లలు నిలువునా ఒకే గీతలో ఉండాలి, లేకపోతే మెత్తటి పాప్లార్ వాటి మధ్య పాములా వంకర తిరుగుతుంది. పైన బరువు తప్పనిసరి. తాజా పలకలను నేరుగా వేడి కిల్న్‌లో (కర్ర ఎండబెట్టే గదిలో) పెట్టడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. వెట్‌వుడ్ కణాలు నీళ్లతో నిండుగా ఉంటాయి, దారులు మూసి ఉంటాయి. వేడికి మెత్తబడ్డ గోడలను బయటికి లాగబడే నీరే లోపలికి పీల్చేస్తుంది. కణాలు కూలిపోయి పలక ముఖం గుంటలు గుంటలుగా దిగుతుంది. దీన్ని కొలాప్స్ అంటారు, చిత్రిక పట్టి సరిచేయబోతే సగం మందం పోతుంది. గాలిలో 25-30 శాతం దాకా ఆరనిచ్చి, తర్వాత కిల్న్‌ను 45-50 డిగ్రీల దగ్గర మొదలుపెడితే ఈ గొడవ ఉండదు.

కిల్న్ నుంచి తీసేముందు ఒక ముక్క కోసి ఫోర్క్‌లా రెండు పళ్లు చేసి చూడండి. పళ్లు లోపలికి వంగితే పైభాగం ముందే బిగుసుకుపోయిందన్నమాట. ఆ పలకను చీలిస్తే రెండు సగాలూ రంపాన్ని పట్టేస్తాయి. కిల్న్‌లో తేమను పెంచి కొన్ని గంటలు ఉంచితే ఆ బిగుతు సడలుతుంది.

మధ్యలో బద్దలు పేర్చి, రెండువైపులా వినీర్ అతికించే బ్లాక్‌బోర్డు షీట్‌లో సమస్య అంతా పక్కపక్క బద్దల మధ్య తేడాలదే. 8 శాతం బద్ద పక్కన 16 శాతం బద్ద పెట్టి అతికిస్తే, ఆరు నెలల్లో తడిది కుంచించుకుంటుంది, పైన పాలిష్‌లో గీతలు గీతలుగా దాని ఆనవాలు తేలుతుంది. కొత్త లాట్, పాత లాట్ కలపొద్దని చెప్పేది ఇందుకే. బద్దలు ఎంత సన్నగా ఉంటే ఈ గీత అంత తగ్గుతుంది.

తడి పాప్లార్‌ను చిత్రిక పడితే నార తెగకుండా లేస్తుంది. 12 దాటితే శుభ్రమైన ముఖం రాదు, 8 దగ్గర చక్కగా వస్తుంది. పదునైన కత్తి, తక్కువ తీత ఉండాలి. అయినా టెన్షన్ వుడ్ దగ్గర నూగు మిగిలితే పొడిగా రుద్దుతూ పోవద్దు. పలచటి సీలర్ ఒక పూత వేసి, నూగు గట్టిపడ్డాక 320 నంబరు కాగితంతో తీస్తే పోతుంది. తడి కర్రలో కొట్టిన మేకు మొదట్లో గట్టిగానే ఉన్నట్టుంటుంది, కర్ర ఎండేకొద్దీ పట్టు వదిలేస్తుంది. స్క్రూ, దానితో పాటు జిగురు వాడటమే మంచిది.

మన ఊళ్లలో

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో గాలి తేమ 30 శాతానికి దిగిన రోజుల్లో కర్ర 6 శాతం వైపు పోతుంది. ఆగస్టులో 80 శాతం ఉంటే 16 వైపు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం 14-15 దగ్గరే తిరుగుతుంది. కాబట్టి ఒకే షీట్ రెండు ఊళ్లలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. తీరంలో ఎండాకాలం గట్టిగా బిగించిన షట్టర్ వానల్లో ఉబ్బి ఇరుక్కుంటుంది, హైదరాబాద్‌లో వానల్లో బిగించిన షట్టర్ మేలో సందులు వదులుతుంది. పని మొదలుపెట్టేముందు షీట్లను వారం పది రోజులు అదే ఇంట్లో పడుకోబెట్టి ఉంచండి. గోడకు నిలబెడితే గోడ వైపు ఒక తేమ, గది వైపు ఒక తేమ పట్టి షీట్ వంగుతుంది. అప్పుడే ప్లాస్టరింగ్, టైల్స్ అయిన గదిలో కొత్త షీట్లు పెట్టొద్దు, గోడలు నెలల తరబడి నీరు వదులుతూనే ఉంటాయి.

లామినేట్ ఒకవైపే వేసి, వెనక వైపు వదిలేస్తే ఆ వైపు నుంచి తేమ రాకపోకలు సాగుతాయి, తలుపు ఎప్పటికీ నిలకడగా ఉండదు. వెనక కూడా సమానమైన బ్యాలెన్సింగ్ షీట్ ఉండాలి. కోసిన అంచులన్నింటికీ, స్క్రూ రంధ్రాలతో సహా, సీలర్ పూయాలి. కర్ర నీరు ఎక్కువగా తాగేది అంచు నుంచే, ముఖం నుంచి తక్కువ.

షీట్ కొనేటప్పుడు ముళ్ల మీటర్ వెంట తీసుకెళ్లగలిగితే నాలుగు మూలల్లో, మధ్యలో, అంచు దగ్గర ఎర్ర పొరలోనూ తెల్ల పొరలోనూ గుచ్చి చూడండి. అంకెలు 9 అయినా 12 అయినా పర్వాలేదు, అవన్నీ రెండు మూడు శాతం లోపు ఉంటే చాలు. ఒక మూల 8, ఇంకో మూల 15 చూపితే, దుకాణదారు ఎంత తగ్గించినా ఆ షీట్‌ను గుట్టలోనే వదిలేయండి.